నీలం పైపు

బండి చక్రాలు ఇసుకలో దిగబడగానే బెద్రీకి కోపం వచ్చింది. ఇసుక మీద కాదు, చూస్తున్నవాళ్ల మీద.

టర్కీ దక్షిణాన అనమూర్ ఊరు దాటి, అరటితోటల పందిళ్లు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న మైదానం అది. చలికాలం రాగానే కారవాన్‌ల వాళ్లు, బండినే ఇల్లు చేసుకుని తిరిగేవాళ్లంతా అక్కడికే చేరతారు. తెల్లగా, నున్నగా, ఫ్యాక్టరీలో పుట్టిన బండ్లు. ఒక్కోదాని ముందు పందిరి గుడ్డ, దాని కింద మడత కుర్చీలు, కుండీలో మిరప మొక్క. వాటి మధ్యకి బెద్రీ పాత మినీబస్సు వచ్చి, నల్లగా పొగ వదిలి, మూలిగి, చక్రాలు సగం దాకా కూరుకుపోయింది. కొన్యా పట్నం వీధుల్లో ఏళ్ల తరబడి జనాన్ని ఎక్కించి దించిన బస్సది. ఆ రూటు డబ్బున్నవాళ్ల చేతికి పోయాక సీట్లు పీకి పారేసి, చెక్కలు కొట్టి, మంచం బిగించి, తన చేత్తో తనే కారవాన్ చేసుకున్నాడు. ఎంత చేసినా అది ఇల్లులాగా కనపడదు, బస్సులాగా కూడా కనపడదు.

పక్క బండిలోంచి ఒక లావుపాటి మనిషి దిగి వచ్చాడు. పేరు ఇల్హామీ. అతని దగ్గర పెద్ద చక్రాల జీపు ఉంది.

“ఏం తమ్ముడూ, ఆగిపోయావేం? ఇంకాస్త తొక్కితే సముద్రం దాటి సైప్రస్ దీవి వచ్చేసేది కదా,” అన్నాడు.

అందరూ నవ్వారు. బెద్రీ పెళ్లాం మక్బులే కూడా నవ్వింది. ఆ నవ్వే బెద్రీకి అన్నిటికన్నా బాగా గుచ్చుకుంది.

నవ్వని మనిషి ఒక్కడే. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉన్న పెద్దాయన. ఏమీ అనకుండా వచ్చి ఇసుకలో బోర్లా పడుకుని చక్రం ముందు చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. ఆయన వెహ్బీ, రైలింజను నడిపి రిటైరైన మనిషి. తవ్వడం అయ్యాక తన బండి కింది చెక్కలు తెచ్చి బెద్రీ చక్రాల కింద దోపాడు. తర్వాత ఒక్కోదానికి వేలు చూపించి, “ఎడమ చెక్క సరే. కుడి చెక్క సరే. తాడు సరే,” అని పైకి అని, అప్పుడు ఇల్హామీ జీపుకి చెయ్యి ఊపాడు.

“ఇంజను మీద పట్టుకున్న అలవాటు,” అన్నాడు బెద్రీతో. “నోటితో అన్నది గుర్తుంటుంది. మనసులో అనుకున్నది జారిపోతుంది.”

బండి పైకొచ్చింది. వెహ్బీ భార్య పెరిహాన్ పళ్లెంలో టీ గ్లాసులు పెట్టుకుని వచ్చింది. సన్నటి మనిషి. ఊలు టోపీ కనుబొమల దాకా లాక్కుంది.

“ముందు టీ తాగండి. బండి ఎక్కడికీ పోదు.”

“పోదనే కదా వదినా ఇంతసేపూ ఏడ్చాం,” అన్నాడు ఇల్హామీ.

ఇది మొదటి రోజు సంగతి. రెండో రోజు గాలికి బెద్రీ పందిరి పట్టా నిలువునా చిరిగింది. అడక్కుండానే పెరిహాన్ సూదీ దారం తెచ్చి కూర్చుని, చిరుగు కనపడకుండా కుట్టి పెట్టింది. గ్యాసు అయిపోతే ఎవరో సిలిండరు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లారు. పేరు కూడా చెప్పలేదు. బెద్రీ ప్రతిసారీ “దేవుడు మీకు మేలు చేయాలి” అంటూనే ఉన్నాడు. అనీ అనీ ఆ మాట నోట్లో చేదెక్కింది. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతికిన మనిషి. ఇక్కడ చెయ్యి చాచకముందే తెచ్చి పెడుతున్నారు. అదింకా అన్యాయంగా తోచింది.

“మనకు చేతులు లేవనుకుంటున్నారా వీళ్లు?” అన్నాడు మక్బులేతో.

“చేతులున్నాయి, నోరే ఎక్కువైంది నీకు,” అంది ఆమె. “ఆ పెరిహానొదిన సంగతి తెలుసా? వేసవంతా ఆస్పత్రిలో మందు ఎక్కించారట. జుట్టు ఇప్పుడిప్పుడే వస్తోంది. ఒంట్లో శక్తి లేదు, చిన్న క్రిమి చాలట పడిపోవడానికి. ఆకుకూర కూడా ముమ్మారు కడిగి గాని నోట్లో పెట్టదు. అలాంటి మనిషి వచ్చి నీ పట్టా కుట్టింది. నువ్వు మూతి ముడుచుకు కూచో.”

బెద్రీ బకెట్టు అందుకుని బయటికి పోయాడు.

ఇక్కడికి వస్తూ తోరోస్ కొండలు దాటేటప్పుడు మంచుకి అతని నీళ్ల పైపు కూడా పగిలిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు గాని, బకెట్టుతో నీళ్లు మోస్తుంటే వెహ్బీ చూడనే చూశాడు. తన బండి పక్క అర తెరిచి గుడ్డసంచీ తీశాడు. అందులో నీలం పైపు, చుట్టలు చుట్టి ఉంది. చీమ కూడా దూరకుండా రెండు మూతులూ ఒకదానిలో ఒకటి దోపి ఉన్నాయి.

“ఇది మంచినీళ్లది. దీన్ని నేల మీద కూడా పెట్టను, ఆవిడ కోసం,” అన్నాడు. “లెట్రిన్ డబ్బా కడగడానికి ఆకుపచ్చది వేరే ఉంది. అది కావాలంటే చెప్పు, ఇస్తాను.”

“అక్కర్లేదన్నా,” అన్నాడు బెద్రీ.

అక్కర్లేదన్న ఆ ఒక్క మాట దగ్గరే అంతా పాడైంది.

నీలం పైపుతో తన ట్యాంకు నింపుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత బండిలో లెట్రిన్ కింద మురికి పట్టే డబ్బా పట్టుకుని మైదానం చివర, తమరిస్కు పొదల వెనకున్న గుంట దగ్గరికి పోయాడు. భుజాన నీలం పైపు అలాగే ఉంది. డబ్బా వంచేశాడు. కడుగుదామంటే అక్కడి కుళాయికి ఎప్పుడూ ఉండే పైపుముక్క లేదు, ఎవరో పట్టుకుపోయారు. కుళాయి కింద డబ్బా పట్టదు. వెనక్కిపోయి ఆకుపచ్చది ఇవ్వమని అడగాలి. అడిగితే వెహ్బీ నవ్వుతూ ఇస్తాడు. ఇల్హామీ చూస్తాడు, ఏదో అంటాడు. మళ్లీ ఒకసారి “దేవుడు మీకు మేలు చేయాలి.”

బెద్రీ అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. నీలం పైపు కుళాయికి తగిలించి, రెండో మూతి డబ్బాలోకి దూర్చాడు. అది లోపల మురికిలో మునిగింది. తెలియక చేసిన పని కాదు. చేస్తున్నంతసేపూ తెలుసు. తర్వాత సబ్బు పెట్టి, మరిగే నీళ్లు పోసి శుభ్రంగా కడిగిచ్చేస్తాను, ఎవరికి ఏం నష్టం, అని తనకు తాను చెప్పుకున్నాడు.

సబ్బు దాకా పోనివ్వలేదు వెహ్బీ. సగం దారిలో ఎదురొచ్చి బెద్రీ భుజం మీద నుంచి పైపు తీసేసుకున్నాడు.

“మంచిపని చేశావు, తెచ్చిచ్చావు. నా ట్యాంకూ ఖాళీ అయింది. సాయంత్రం అందరికీ చేపలు మా దగ్గరే. ఆవిడ ఆకులు కడగాలి, బోలెడు నీళ్లు కావాలి.”

“అన్నా, అది...” అన్నాడు బెద్రీ.

“ఏంటి?”

“ఏం లేదు. తడిగా ఉంది.”

“నీళ్ల పైపు తడిగా ఉండక?” అని నవ్వి పోయాడు వెహ్బీ.

బెద్రీ తన బండి మెట్టు మీద కూర్చుని చూశాడు. మురికిలో మునిగిన మూతి పెరిహాన్ ట్యాంకులోకి పోయింది. నీళ్లు గలగలా నిండాయి. నిండిన చప్పుడు వినపడగానే వెహ్బీ కుళాయి కట్టి, పైపు చుట్టి, మూతులు జాగ్రత్తగా ఒకదానిలో ఒకటి దోపి, గుడ్డసంచీలో పెట్టాడు. తర్వాత వంగి బండి కిందికి వేలు చూపించి, “అడుగు కుళాయి, మూసి ఉంది,” అని గట్టిగా అన్నాడు. ఆ మాట బెద్రీ స్పష్టంగా విన్నాడు. ఇంకెవరూ వినలేదు.

కాసేపటికి వెహ్బీ, పెరిహాన్ ఊళ్లోకి పోయే సర్వీసు మినీబస్సు ఎక్కారు, చేపలు తేవడానికి. పెరిహాన్ మెట్టు ఎక్కుతూ మక్బులేకి చెయ్యి ఊపింది.

వాళ్లటు పోగానే బెద్రీ లేచాడు. బండి కిందికి దూరాడు. ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పాడు. నీళ్లు బుసబుసా ఇసుకలోకి దిగిపోయాయి. అమ్మయ్య అనుకున్నాడు. ఖాళీ అయ్యాక మూసేద్దాం, ఎలా కారిందో ఎవరికీ తెలియదు, పైపు సంగతి తర్వాత ఏదో ఒకటి చూద్దాం. అంతలో ఇల్హామీ బూట్లు కనపడ్డాయి, ఇటే వస్తూ. బెద్రీ అవతలి పక్క నుంచి పాకి బయటపడ్డాడు.

“నీకోసమే వస్తున్నా. రా, తావ్లా ఆడదాం. మీ కొన్యావాళ్లకి పాచికలు వేయడం రాదంటారు, చూద్దాం,” అని చెయ్యి పట్టుకు లాక్కుపోయాడు ఇల్హామీ.

పాచికలు ఏం పడ్డాయో బెద్రీకి తెలియదు. ఓడిపోతూనే ఉన్నాడు. ఇల్హామీ కదలనివ్వలేదు, లేవడానికి సాకూ దొరకలేదు. ఇంతలో మినీబస్సు తిరిగొచ్చేసింది.

చేపలు కడుగుదామని పెరిహాన్ కుళాయి తిప్పితే గాలి తుస్సుమంది. వెహ్బీ బండి కిందికి వంగాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచేసరికి మొహం మారిపోయింది.

“కుళాయి తెరిచి ఉంది,” అన్నాడు.

“ఊడి ఉంటుందిలే, పాతదే కదా,” అంది పెరిహాన్.

“ఊడలేదు. తెరిచి ఉంది. నేను మూసి ఉంది అన్నాను పెరిహాన్. నోటితో అన్నాను. నువ్వు విన్నావా?”

“నేను లోపలున్నా కదా.”

“అన్నాను,” అన్నాడు ఆయన. మళ్లీ బండి కిందికి చూసి, “అన్నాననుకుంటున్నాను,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఇల్హామీ మాత్రం ఏదో సర్దుదామని, “అన్నా, నేను ఒకసారి మా ఆవిడనే పెట్రోలు బంకులో మరిచి వచ్చాను. కుళాయి ఎంత,” అన్నాడు. వెహ్బీ వినిపించుకోలేదు.

“మా నాన్న కూడా ఇలాగే మొదలుపెట్టాడు,” అన్నాడు. “మొదట గ్యాసు కట్టడం మరిచాడు. తర్వాత ఇంటి దారి మరిచాడు. చివరకి నన్ను మరిచాడు. ఆయనదీ రైలింజను పనే, నేనెవరో ఇంజను కుర్రాణ్ణనుకుని తిట్టేవాడు.”

బెద్రీ చేతిలో పాచికలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పుడు చెప్పచ్చు. నోరు తెరిస్తే చాలు. కాని కుళాయి సంగతి చెబితే పైపు సంగతి చెప్పాలి, పైపు సంగతి చెబితే ఆ తెల్ల బండ్ల వాళ్లందరి ముందూ తను ఏమవుతాడో అతనికి కనపడింది. బస్సోడు. మురికోడు. పాచికలు ఇల్హామీ చేతిలో పెట్టేశాడు.

మైదానంలో మాట పాకింది. ఒక్కొక్కరూ వస్తున్నారు. ఒకరు క్యాను, ఒకరు బిందె, ఒకరు సీసాలు. ఎవరూ వెహ్బీ మొహంలోకి చూడకుండా, దార్లో ఏదో పని మీద పోతున్నట్టు వచ్చి, నీళ్లు అక్కడ పెట్టి పోతున్నారు. మక్బులే బెద్రీ చేతిలో పెద్ద క్యాను పెట్టింది.

“మన ట్యాంకు నిండుగా ఉంది కదా, పోసివ్వు. ఆయన పైపుతో నింపినవే గదా.”

అవి మంచినీళ్లే. తన డబ్బా కడగకముందు నింపినవి. ఆ మైదానంలో అంతకన్నా శుభ్రమైన నీళ్లు లేవు. బెద్రీ క్యాను తీసుకెళ్లి వెహ్బీ ముందు పెట్టాడు. పెద్దాయన తలెత్తి చూసి, అతని మోచెయ్యి పట్టుకుని, నీళ్లిచ్చినవాళ్లకి పెద్దలు చెప్పే దీవెన చెప్పాడు.

“నీళ్లలాగా పవిత్రంగా ఉండు నాయనా.”

చెంప మీద కొడితే కూడా అంత మండేది కాదు.

చేపలు కాల్చారు. పెరిహాన్ మక్బులే పంపిన నీళ్లతో రోకా ఆకులు కడిగి, నిమ్మకాయ పిండి, ముందు బెద్రీ పళ్లెంలోనే పెట్టింది. తినేదాకా చూసింది. వెహ్బీ ఏమీ ముట్టలేదు. అందరూ టీ తాగుతుంటే అప్పుడు చెప్పాడు.

“పొద్దున్నే బయలుదేరుతున్నాం. ఎస్కిషెహిర్, మా అమ్మాయి దగ్గరికి. బండి అల్లుడికి ఇచ్చేస్తాను.”

“ఒక కుళాయికా?” అన్నాడు ఇల్హామీ.

“ఇవాళ కుళాయి. రేపు కొండ దిగేటప్పుడు బ్రేకు వేశానని అనుకుని వేయకపోతే? నా పక్కన ఈవిడ ఉంటుంది.”

పెరిహాన్ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. “మందు ఎక్కిస్తున్నప్పుడు కళ్లు మూసుకుని ఇదే తలచుకునేదాన్ని,” అంది మక్బులేతో, మెల్లగా. “ఇంకో నెల ఉందామనుకున్నాం. పోనీలే. చూశాం కదా.”

బెద్రీ గ్లాసు కింద పెట్టి తన బండిలోకి పోయాడు. మక్బులే వచ్చి ఏమైందని అడిగితే నిద్రొస్తోందని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్న వెహ్బీ పందిరి గుడ్డ చుట్టేశాడు. కుర్చీలు కట్టేశాడు. దేనికీ వేలు చూపించలేదు, పైకి ఏమీ అనలేదు. అన్నా లాభం లేదనుకున్నాడు కాబోలు. అది చూస్తుంటే బెద్రీకి, నడిచే మనిషి కర్ర విసిరేసి కూర్చుండిపోవడం చూసినట్టుంది. మక్బులే చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది, బండి కదలగానే వెనక పోయడానికి. పోయినవాళ్లు నీళ్లలాగే తేలిగ్గా పోయి తేలిగ్గా తిరిగి రావాలని.

వెహ్బీ గుడ్డసంచీ తీసుకుని బెద్రీ దగ్గరికి వచ్చాడు.

“తమ్ముడూ, ఒక సాయం. దారికి ట్యాంకు నింపాలి. నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు. నువ్వు డ్రైవరువి, జాగ్రత్త తెలిసినవాడివి. నువ్వు నింపు. అడుగు కుళాయి నువ్వు చూసి, మూసి ఉందని నాకు చెప్పు. నువ్వు చెబితే నేను నమ్ముతాను.”

నీలం పైపు బెద్రీ చేతిలో పెట్టాడు. మూతులు ఒకదానిలో ఒకటి దోపి ఉన్నాయి.

బెద్రీ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తీసుకెళ్లి ఎక్కడైనా కోసేసి, పగిలిందని చెప్పచ్చు. అదీ ఆలోచించాడు. అంత దూరం ఆలోచించాడు.

“నువ్వు మూశావన్నా,” అన్నాడు.

“ఏంటి?”

“నిన్న. అడుగు కుళాయి. నువ్వు వేలు చూపించి, మూసి ఉంది అన్నావు. నేను విన్నాను. నువ్వు ఊళ్లోకి పోయాక నేను తెరిచాను.”

వెహ్బీ అర్థం కానట్టు చూశాడు. “నువ్వెందుకు తెరుస్తావు?”

బెద్రీ పైపు పైకెత్తాడు. “దీంతో నా లెట్రిన్ డబ్బా కడిగాను. ఆకుపచ్చది అడగడానికి మనసొప్పలేదు. కడిగిద్దామనుకున్నాను, నువ్వు పట్టుకుపోయావు. చెప్పలేకపోయాను. అందుకని ఆ నీళ్లు వదిలేశాను. పైపు అలాగే ఉంది. అలాగే మురికిది.”

మక్బులే చెంబులో నీళ్లు ఒలికి కాళ్ల మీద పడ్డాయి. ఆమె చూసుకోలేదు.

తిట్టు వస్తుందని బెద్రీ తల వంచాడు. రాలేదు. వెహ్బీ బండి మెట్టు మీద మెల్లగా కూలబడ్డాడు.

“అయితే నేను మూశాను,” అన్నాడు.

“మూశావు.”

“అన్నాను కూడా.”

“అన్నావు. గట్టిగానే అన్నావు.”

“మళ్లీ చెప్పు.”

బెద్రీ మళ్లీ చెప్పాడు. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి, ఏమనుకున్నాడో బెద్రీ తలని రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకున్నాడు. బెద్రీకి ఆ క్షణాన భూమిలోకి పోవాలనిపించింది. పైపు సంగతి ఆయనకి చెవికెక్కిందో లేదో. ఎక్కినా ఆ సంతోషంలో ఎక్కడో కింద పడిపోయింది. గబగబా ఇల్హామీ బండి దగ్గరికి పోయి తలుపు కొట్టాడు.

“లేవయ్యా. పోవడం లేదు మేము. కుళాయి నేను మూశాను.”

లోపల్నుంచి ఇల్హామీ గొంతు. “మరి తెరిచిందెవరు?”

వెహ్బీ కాస్త తడుముకున్నాడు. వెనక్కి తిరిగి బెద్రీని చూడలేదు. “పిల్లి అయుంటుంది,” అన్నాడు.

“కుళాయి తిప్పే పిల్లా? నాకూ ఒకటి పట్టివ్వు, టీ కాస్తుంది.”

మైదానమంతా నవ్వింది. వెహ్బీ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

గుమ్మంలో పెరిహాన్ నిలబడి ఉంది. మొదటినుంచీ అక్కడే ఉందని బెద్రీకి అప్పుడు తెలిసింది. ఆవిడ నవ్వలేదు, కోపంగా కూడా లేదు. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టుంది.

“ఊళ్లోకి పోయేముందు మాత్ర వేసుకున్నాను,” అంది. “కుళాయి నీళ్లతోనే. గ్లాసు నిండా తాగాను.”

బెద్రీ వెహ్బీ వైపు అడుగు వేయబోయాడు.

“ఆయనకి చెప్పకు,” అంది ఆవిడ. “ఇవాళ సంతోషంగా ఉన్నాడు.”

మెట్టు దిగి వచ్చి, అతని చేతిలో ఉన్న నీలం పైపుని అతని వైపే తోసింది. “ఇది నువ్వే ఉంచుకో. నీ పనికి.”

ఆ రోజే బెద్రీ అనమూర్ పోయి కొత్త పైపు తెచ్చాడు. పెరిహాన్ వాళ్ల ట్యాంకుని మందు వేసి మూడుసార్లు కడిగాడు, బండి కింద బోర్లా పడుకుని, వెహ్బీ వద్దంటున్నా. తెల్లవారితే చాలు, తన తలుపు తెరిచి పక్క బండి తలుపు వైపు చూడడమే పని. పెరిహాన్ బయటికొచ్చి టోపీ సర్దుకుని కుర్చీలో కూర్చుంటే అప్పుడు టీ తాగుతాడు. ఒక పొద్దున తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. ఆ కాసేపట్లో అతను మసీదులో కూడా అడగని వాటిని దేవుణ్ణి అడిగాడు. తీరా చూస్తే ఆవిడ నిద్రపోయిందట, అంతే.

ఆవిడకి ఏమీ కాలేదు. కాలేదు కదా అని మక్బులే అంటుంది. ఆ మాట బెద్రీకి ఊరట కాదు. ఏమీ కాకపోవడం తన మంచితనం వల్ల కాదని అతనికి తెలుసు.

ఊరి చివర కొండ ఊట దగ్గర ధార ఉంది. రోజూ అక్కడిదాకా నడిచి, సీసాలు కడిగి, నీళ్లు పట్టి తెచ్చి పెరిహాన్ గుమ్మంలో పెడతాడు. వెహ్బీ చూసినప్పుడల్లా, “నీళ్లలాగా పవిత్రంగా ఉండు,” అంటాడు, నవ్వుతూ. పెరిహాన్ కూడా సీసా అందుకుంటుంది. గ్లాసులో పోసుకుని అతని ముందే తాగుతుంది. “చల్లగా ఉన్నాయి,” అంటుంది. “కష్టపడ్డావు,” అంటుంది.

ఆ దీవెన ఒక్కటి మాత్రం అనదు. బెద్రీ ఖాళీ సీసాలు పట్టుకుని కాసేపు నిలబడతాడు, తర్వాత వెళ్లిపోతాడు.